పచ్చబడ్డ లైట్లు, సుజాతక్క కళ్లు

2023 డిసెంబరు. ఒక శనివారం పొద్దున పదకొండు దాటింది. తాండూరులో వికారాబాద్ రోడ్డు మీద ఉన్న నా ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు ఒకటి విప్పుకుని కూర్చున్నాను. షేర్ ఆటో దిగి సుజాతక్క లోపలికి వచ్చింది. ఎప్పుడూ కారులో వచ్చే మనిషి ఆటోలో రావడం చూసి, బండి ఎక్కడో ఆగిపోయిందనుకున్నాను.

"యాడ ఆగింది అక్కా బండి?"

"ఆగలే తమ్మీ. ఇంటికాడ మంచిగనే ఉన్నది. దాన్ని అమ్మిపెట్టు. నీ దగ్గరికి అన్ని దిక్కుల మనుషులు వస్తరు గద, ఎవరన్న కావాలంటే చెప్పు."

చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. ఆ కారు ఆమెకు ఏమిటో నాకు తెలుసు.

సుజాతక్కకు అప్పుడు యాభై ఏడేళ్లు. వాళ్లది దౌల్తాబాద్ వైపు వ్యవసాయ కుటుంబం. భర్త నర్సిరెడ్డన్నకు రెండు కిడ్నీలూ చెడిపోయాక పొలం కౌలుకిచ్చి తాండూరు అంచున చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. కిడ్నీలు చేయాల్సిన పనిని మిషన్ చేస్తుంది. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. వీళ్లకు వికారాబాద్‌లో చోటు దొరికింది. అదీ పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో. సోమ, బుధ, శుక్రవారాలు ఆరున్నరకల్లా ఆయన అక్కడ మంచం మీద ఉండాలి. అంటే ఇంటి నుంచి అయిదింటికే బయలుదేరాలి. ఆ వేళకు బస్సు పట్టుకుని, మళ్లీ ఆటో ఎక్కి వెళ్లే ఓపిక ఆయనకు లేదు. డ్రైవర్లను పెట్టి చూశారు. ఒకడు నెల వచ్చాడు, ఇంకొకడు పది రోజులు వచ్చాడు. చివరికి సుజాతక్క తన యాభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. పదకొండేళ్ల పాత చిన్న కారు అది. మూడేళ్లుగా ఆ కారులోనే భర్తను తీసుకెళ్తోంది, తీసుకొస్తోంది.

అలాంటి మనిషి బండి అమ్మేస్తానంటోంది. స్టూలు వేసి కూర్చోబెట్టాను. నీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"ఏమైంది అక్కా?"

"నా కండ్లు పోయినయి తమ్మీ."

ముందు రోజు శుక్రవారం జరిగింది చెప్పింది. ధారూర్ దాటాక, చీకటి విడవకముందే, పొగమంచులో రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. ఆమెకు అసలు కనబడలేదట. ముందు సీట్లో ఉన్న నర్సిరెడ్డన్న కిటికీ పక్కన గొర్రెల గంటలు వినబడి "ఆపు, ఆపు" అని అరిస్తే బ్రేకు తొక్కింది. ఒక గొర్రె బంపరుకు తగిలి పడి, లేచి మందలో కలిసిపోయింది. దాని పక్కనే గొర్రెల కాపరి ఉన్నాడు. కారుకు ఆయనకు మధ్య మూరెడు దూరం.

"సరిహద్దు అవతలి మనిషి. కన్నడంల తిట్టిండు. మాట తెలువకున్నా తిట్టు తెలుస్తది గద. తిట్టనీ, నేను పడ్డ. ఆయన గొంగడి ఇప్పటికి నా కండ్ల ముంగటనే ఉన్నది తమ్మీ. ఇంకో అడుగు ముంగటికి పోతే..."

ఆ రోజు ఎలాగో వికారాబాద్ చేరారు, డయాలసిస్ అయింది. తిరిగి వచ్చేటప్పుడు పగలు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇంటికొచ్చాక నర్సిరెడ్డన్న ఒక్కటే మాట అన్నాడట: సోమవారం నేను రాను.

"రాకపోతే ఎట్ల?" అన్నాను.

"నేనూ గదే అడిగిన. నా పానం కోసం ఇంకొకని పానం తీస్తమా అన్నడు. ఇగ ఆ మాట మీద నేనేం మాట్లాడాలె? డ్రైవర్ కోసం నలుగురికి చెప్పిన. సోమవారానికైతే ఎవరూ దొరకలే."

డయాలసిస్ ఒక్కసారి తప్పితే ఏమవుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి ఆడదు. మొదటి ఏడాది ఒకసారి తప్పి, ఉన్నపళంగా ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది.

కళ్ల డాక్టరుకు చూపించావా అని అడిగాను. చూపించిందట, పది రోజుల కిందటే. కంట్లో పొర కొద్దిగా మొదలైంది, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, అద్దాలు ఇవే నడుస్తాయి అన్నాడట. ఆ "కొద్దిగా" అన్నది ఆమె చెవిన పడలేదు. "పొర" ఒక్కటే పడింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆమె నా దగ్గరికి రావడం అది మొదటిసారి కాదు. దసరాకు ముందు వచ్చి, "తమ్మీ, లైట్లు సాలుతలేవు, జర పెద్ద బల్బులు ఎయ్యి" అంది. అప్పుడు దుకాణం ముందు మూడు బండ్లు నిలబడి ఉన్నాయి. తెల్లగా వెలిగే ఎల్ఈడీ బల్బులు రెండు తీసి, పాతవి ఊడదీసి, ఇవి బిగించాను. పది నిమిషాల పని. మిట్టమధ్యాహ్నపు ఎండలో స్విచ్ వేసి, వెలుగుతున్నాయి కదా అని పంపేశాను. లైటు పైనున్న అద్దం పసుపురంగుకు తిరిగి పచ్చబడి ఉండటం అప్పుడే నా కంటబడింది. పాత బండి కదా, ఉంటుందిలే అనుకున్నాను.

శనివారం ఆమె ఎదురుగా కూర్చుని చెబుతుంటే అది గుర్తొచ్చింది. వెంటనే ఒక ప్రశ్న అడిగాను.

"అక్కా, నువ్వు పోతుంటే ముంగట బస్ గిట్ల ఉన్నదనుకో. దాని లైట్ల ఎలుగుకు నీకు రోడ్డు ఎట్ల కనబడ్తది?"

"అప్పుడు మంచిగనే కనబడ్తది. గందుకే బస్ దొరికితే దాని ఎంబడే పోత. అది ఆగితే నేనూ ఆగుత. బుధవారం గట్లనే పోయిన."

"గుంతలు కనబడ్తయా?"

"అన్నీ కనబడ్తయి."

"సూదిల దారం?"

"నిన్న మీ అన్న అంగీకి గుండీ కుట్టిన. ఏంది తమ్మీ, డాక్టర్ లెక్క అడుగుతున్నవు?"

ఇంకొక బండి వెలుతురులో గుంతలతో సహా అన్నీ కనబడుతున్నాయంటే కళ్లకు వచ్చిన రోగం ఏమిటి? దుకాణం షట్టరు సగం దించి, ఆమెను బైకు మీద ఎక్కించుకుని వాళ్లింటికి వెళ్లాను.

కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అవి లైట్లలా లేవు. మజ్జిగ ఎండి అట్టకట్టిన గిన్నెల్లా ఉన్నాయి. దసరా నాటికి పచ్చగా ఉన్నవి ఇప్పుడు తెల్లగా, గీతలు గీతలుగా ఉన్నాయి.

"వీటికి ఏం చేసినవు అక్కా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. ఫోనులో ఒక వీడియో చూసి టూత్‌పేస్టుతో రుద్దిందట. రెండు రోజులు మెరిశాయి, మళ్లీ మామూలే. తర్వాత గిన్నెలు తోమే పీచుతో తోమింది. అదీ కాక, ఎవరో చెబితే రంగులకు వాడే థిన్నర్ గుడ్డకు అద్ది తుడిచింది.

పదేళ్లు దాటిన కార్లున్న వాళ్లందరికీ పనికొచ్చే మాట కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పాత కాలపు బండ్లకు లైటు ముందు గాజు ఉండేది. ఇప్పటి కార్లకు ఉండేది పాలీకార్బొనేట్. అంటే గట్టి ప్లాస్టిక్. రాయి తగిలినా పగలదు గానీ ఎండను తట్టుకోలేదు. అందుకని దాని మీద కంపెనీ వాళ్లు పల్చటి పూత ఒకటి వేసి పంపిస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత చచ్చిపోతుంది, కింద ప్లాస్టిక్ పచ్చబడుతుంది. లోపల ఎంత మంచి బల్బున్నా వెలుగు ఆ మసకలోనే చెదిరిపోతుంది. రోడ్డు మీదికి వెళ్లేది సగం కూడా ఉండదు. దానికి తోడు నేను వేసిన ఎల్ఈడీ. ఆ లైటు లోపలున్న అద్దపు గిన్నె మామూలు ఫిలమెంట్ బల్బుకు కొలిచి చేసింది. వేరే రకం బల్బు వేస్తే వెలుగు పడాల్సిన చోట పడదు, నాలుగు దిక్కులా చిమ్ముతుంది. పొగమంచులో అయితే బండి ముందు తెల్లగోడ కట్టినట్టే ఉంటుంది. ఆ గోడ అవతల గొర్రెలున్నాయి.

లేచి నిలబడ్డాను. ఆమె నా ముఖం చూస్తోంది. నా తప్పు దాచిపెట్టి బాగుచేసి ఇవ్వవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధమే. కానీ ఆమె పది రోజులుగా తన కళ్లను తిట్టుకుంటోంది.

"అక్కా, నీ కండ్లకు ఏం కాలే. లైట్లు పోయినయి. దసరాకు ముంగట నువ్వు వచ్చినప్పుడే నేను చూడాలె. చూసి గూడ చెప్పలే. మీదికెల్లి తప్పు బల్బులు ఏసిన. నువ్వు గొర్రెలను చూడకపోవుడుల నా తప్పే ఎక్కువున్నది."

తిడుతుందనుకున్నాను. బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మళ్ల చెప్పు," అంది.

"ఏంది అక్కా?"

"నా కండ్లకు ఏం కాలేదన్నవు గద. గది మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగో, ఇటు వచ్చి ఆయనకు చెప్పు" అని నన్ను లోపలికి లాక్కెళ్లింది.

నర్సిరెడ్డన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తానే ట్రాక్టరు, జీపు తోలిన మనిషి. నేను చెప్పింది మొత్తం విన్నాడు. నమ్మలేదు.

"నువ్వు మంచిగ చెప్తవు తమ్మీ. బండి బాగైతదేమో గానీ ఆమె కండ్ల సంగతి నీకెట్ల తెలుసు?"

"రేపు సాయంత్రం దాకా ఆగు అన్నా. నీకే చూపిస్త. అప్పుడు గూడ పోనంటే నేనే వేరే బండి తెచ్చి తీసుకపోత."

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సామాను సంచిలో వేసుకుని వెళ్లాను. దుకాణానికి తెమ్మనకుండా ఇంటికే వెళ్లడానికి కారణం ఉంది. ఈ పనికి మిషన్లు అక్కర్లేదు. నీళ్లు, నీడ, ఎమెరీ అనే గరుకు కాగితం నాలుగు రకాలు, ఓపిక ఉంటే ఎవరింటి ముందైనా చేసుకోవచ్చు. అది ఆమె కూడా చూడాలనుకున్నాను.

ఈ పని చేతికి వచ్చింది బండల వల్ల. దుకాణం పెట్టకముందు నాలుగేళ్లు బండల పాలిష్ యూనిట్‌లో ఉన్నాను. ఇళ్లలో నేలకు పరిచే తాండూరు బండను నునుపు చేయాలంటే ముందు గరుకు రాయి వేయాలి, తర్వాత కొంచెం సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. నీళ్లు ఆగకూడదు. అక్కడి మేస్త్రీ ఒకటే చెప్పేవాడు: ముందు రాయి గీసిన గీతలు పోనిదే తర్వాత రాయి ముట్టుకోవద్దు. ఎమెరీ కాగితానికీ అంతే. నంబరు పెరిగేకొద్దీ సన్నం. ఎనిమిది వందల నంబరుతో మొదలుపెట్టి, పదిహేను వందలు, రెండు వేలు, మూడు వేలు.

ముందు లైట్లను సబ్బునీళ్లతో కడిగాం. చుట్టూ పెయింటుకు గీత పడకుండా మాస్కింగ్ టేపు అంటించాం. నేను ఎడమ లైటు మొదలుపెట్టాను. నీళ్లు పోయడానికి మనిషి కావాలి. నర్సిరెడ్డన్న కుర్చీ బయటకు వేయించుకుని, డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో మగ్గు పట్టుకున్నాడు. పక్కన బకెట్ నిండా నీళ్లు.

"చూసినవా తమ్మీ," అన్నాడు, "నాకేమో తాగెతందుకు గ్లాసు కొలిచి ఇస్తది. లైట్లకు మాత్రం బకెట్లు."

అక్క నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు.

ఎనిమిది వందల కాగితం తిప్పుతుంటే పసుపు నీళ్లు కారాయి. చచ్చిన పూత అలా దిగిపోతుంది. కాసేపటికి నీళ్లు పసుపు పోయి పాలలా తెల్లబడ్డాయి. తుడిచి చూస్తే లైటు మొత్తం తెల్లగా, లోపల బల్బు కూడా కనబడకుండా అయింది. సుజాతక్క వంగి చూసి బెదిరిపోయింది.

"అయ్యో తమ్మీ, ఉన్నది గూడ పోయింది గద!"

"ఫికర్ జెయ్యకు అక్కా. గిప్పుడు గిట్లనే ఉంటది."

చాలామంది ఇంట్లో మొదలుపెట్టి ఇక్కడే భయపడి వదిలేస్తారు. ఇక్కడ ఆగితే లైటు నిజంగానే పోయినట్టు. మసక ఒకే రకంగా పరుచుకుందంటే పని సరిగ్గా జరుగుతున్నట్టు. పదిహేను వందల కాగితం అడ్డంగా, రెండు వేలు నిలువుగా తిప్పాను. దిశ మారిస్తే పాత గీతలు మిగిలాయో లేదో తెలుస్తుంది. మూడు వేల కాగితం అయ్యేసరికి తెలుపు పల్చబడి లోపల వెండిరంగు అద్దపు గిన్నె కనబడసాగింది. తర్వాత పాలిషింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డకు రాసి గుండ్రంగా తిప్పి తిప్పి తుడిచాను. కాంపౌండ్ అంటే కారు పెయింటుకు మెరుపు తెచ్చే ముద్ద లాంటిది. నీళ్లు పోసి కడిగాక నర్సిరెడ్డన్న కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"అబ్బ! లోపల స్క్రూ గూడ కనబడుతున్నది."

కుడి లైటు సుజాతక్కను చెయ్యమన్నాను. మొదట చేతకాదంది. కాగితం చేతికిచ్చాను. అయిదు నిమిషాల్లోనే ఆమె చెయ్యి నా చెయ్యికన్నా నిదానంగా, ఒకే ఒత్తిడితో నడిచింది. నేను తొందరపడి నంబరు మార్చమంటే, "ఆగు, ఇంక గీతలున్నయి" అని తనే ఆపింది. రెండు గంటలు పట్టింది. ఆ లైటు కింది మూలన సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు మాత్రం పోలేదు. అవి థిన్నర్ చేసిన పని. ప్లాస్టిక్‌ను లోపలిదాకా తినేస్తుంది. అరచేతిలో నాలుగో వంతు జాగా. వెలుగు బయటికి వచ్చే దారిలో లేదు కాబట్టి బతికిపోయాం.

ఇక మిగిలింది పూత. చాలామంది ఈ మెరుపు చూసి పని అయిపోయిందనుకుంటారు. పాత పూత మనమే తీసేశాం. కొత్త పూత వేయకపోతే ఒక ఎండాకాలంలో మళ్లీ పచ్చబడుతుంది, అదీ ముందుకన్నా తొందరగా. ఎండను ఆపే క్లియర్ కోట్ అని స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది. నర్సిరెడ్డన్నకు ఆ వాసన పడదని లోపలికి పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ముందు ఎడమ లైటుకు మొదటి కోటు కొట్టాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. బండల లారీలు తిరిగే ఊరు మాది. రోడ్డు మీది సున్నపు దుమ్ము లేచి వచ్చి, తడిగా ఉన్న ఎడమ లైటు మీద ఉప్పు చల్లినట్టు కూర్చుంది.

పొద్దుటి నుంచి చేసిన పని. అప్పటికే ఒంటిగంట దాటింది. పూత ఆరడానికి ఎండ ఉన్న కొన్ని గంటలే మా చేతిలో ఉన్నాయి. తెల్లవారితే సోమవారం.

"ఇప్పుడేం జెయ్యాలె?" అంది అక్క.

"ఆరనిచ్చి మళ్ల గీకాలె. మళ్ల మొత్తం."

"అయితే గీకుదాం. నువ్వు గట్ల మొఖం పెట్టకు."

అరగంట ఎండలో ఆరనిచ్చాం. పూత గట్టిపడ్డాక రెండు వేల నంబరు కాగితంతో దుమ్మును దించేశాం. ఈలోగా ఆమె ఇంట్లోంచి కందులు ఆరబోసే టార్పాలిన్ పట్టా, మా దిక్కు తాడిపత్రి అనేది, తెచ్చింది. కిటికీ ఊచలకు, గేటుకు తాళ్లు కట్టి కారు ముందు మూడు వైపులా డేరాలా చుట్టాం. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచాం. ఆ డేరాలో గొంతుకూర్చుని ఈసారి రెండు లైట్లకూ కోటు కొట్టాను. పావుగంట ఆగి రెండోది. ఈసారి గాలి వస్తే తాడిపత్రి కొట్టుకుందే గానీ లోపలికి ఒక్క నలుసు రాలేదు. ఆ తర్వాత ఎండ పడేలా ఒక పక్క మాత్రం విప్పి, ఇద్దరం చెరో రాయి మీద కాపలా కూర్చున్నాం. కోడి వస్తే తోలాం. ఆమె జొన్న రొట్టె, పప్పు తెచ్చింది.

అయిదింటికి వేలి చివరతో మూలన ముట్టుకుని చూశాను. ఆరింది. నేను వేసిన ఎల్ఈడీలు తీసేసి, ఆ కారుకు కంపెనీ చెప్పిన మామూలు బల్బులే బిగించాను. పొద్దు గూకే దాకా ఆగాం. కారును వాళ్ల ప్రహరీ గోడకు ఇరవై అయిదు అడుగుల దూరంలో ఎదురుగా నిలిపాను. లైటు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీశాను. డిప్ లైటు, అంటే కిందికి దించి వేసే లైటు, వెలుగు ఆ గీతకు కొంచెం కిందుగా పడాలి. పైకి పోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, మరీ కిందికి పోతే రోడ్డు కనబడదు. లైటు వెనక ఉండే స్క్రూ తిప్పి సరిచేయవచ్చు.

సుజాతక్కను డ్రైవర్ సీట్లో, నర్సిరెడ్డన్నను పక్కన కూర్చోబెట్టాను.

"ఇప్పుడు స్విచ్ ఎయ్యి అక్కా."

గోడ మీద వెలుగు పడింది. పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. గోడలో పేర్చిన బండల సందులు, సందుల్లో మొలిచిన గడ్డి, ఒక బండ మీద పాకుతున్న గండుచీమల బారు. అన్నీ కనబడ్డాయి.

నర్సిరెడ్డన్న గోడవైపు చూసి, తర్వాత భార్యవైపు తిరిగాడు.

"ఆ మూడో బండ మీద ఏమున్నది చెప్పు."

"చీమలు పోతున్నయి."

"ఎటు పోతున్నయి?"

"ఎడమ దిక్కుకు. నీకు కనబడ్తలేవా?"

"నాకు చీమలే కనబడ్తలేవు," అన్నాడాయన. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన సీటు బెల్టుతో కాసేపు ఆడుకుని, భార్యతో అన్నాడు: "రేపు నాలుగింటికి లేపు. మొన్నటి లెక్క ఆలస్యం చెయ్యకు."

అప్పుడు ఏడ్చింది సుజాతక్క. స్టీరింగు మీద తల పెట్టుకుని, అడ్డులేకుండా. నేను దూరం జరిగి తాడిపత్రి మడతపెట్టుకుంటూ నిలబడ్డాను.

సోమవారం నేను కూడా వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. నన్ను రమ్మనలేదు వాళ్లు. నాకే ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ధారూర్ దాకా మామూలుగా సాగింది. అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక మంచు కమ్ముకుంది. చెట్లు మాయమయ్యాయి. ఆమె స్పీడు తగ్గించింది, హైబీమ్ వేయకుండా డిప్‌లోనే ఉంచింది. ఎడమ అంచున తెల్లగీత ఒకటి పట్టుకుని, వంపు తర్వాత వంపు తిరుగుతోంది. నా కాళ్లు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాయి.

ఒక మలుపులో ఉన్నట్టుండి ఆమె ఇంకా నెమ్మదించింది.

"ఏంది అక్కా?"

"పాలాయన."

నాకు ఏమీ కనబడలేదు. రెండు క్షణాల తర్వాత కనబడ్డాడు. వెనక లైటు లేని సైకిలు, రెండు వైపులా క్యాన్లు, నడిపించుకుంటూ ఘాట్ ఎక్కుతున్న ముసలాయన. ఆమె మెల్లగా హారన్ కొట్టి, చాలా దూరం వదిలి దాటింది. అద్దంలో వెనక్కి చూసి, ఆయన క్షేమంగా ఉన్నాడని చూసుకుని, మళ్లీ రోడ్డు మీదికి కళ్లు తిప్పింది. ముందు సీట్లో నర్సిరెడ్డన్న నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీకి ఆనించి, పసిపిల్లాడిలా. శుక్రవారం "ఆపు, ఆపు" అని అరిచిన మనిషి. నేను సీటుకు వెనక్కి ఆనుకున్నాను. నా కాళ్లు అప్పుడు గానీ బ్రేకు తొక్కడం మానలేదు.

ఆరుంబావుకు వికారాబాద్‌లో దిగాం. ఆయన్ను లోపలికి పంపాక బయట తోపుడు బండి దగ్గర టీ తాగాం. ఆర్నెల్లకోసారి కళ్లు చూపించుకోమని, లైట్ల మీద మళ్లీ టూత్‌పేస్టు పెట్టవద్దని చెప్పాను. "పెట్టను తమ్మీ. నువ్వు గూడ మళ్ల పెద్ద బల్బులు ఎయ్యకు" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు తగలాల్సిన చోట తగిలింది.

ఆ కారు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఆమె కాలనీలో ముగ్గురి కార్ల లైట్లు ఆదివారాలు తనే చేసిపెట్టిందని తర్వాత తెలిసింది. ఎమెరీ కాగితాలు నా దగ్గరికే వచ్చి తీసుకెళ్తుంది.

ఈ వృత్తిలో మనుషులు రోగం కాదు, మందు పేరు చెప్పుకుంటూ వస్తారు. పెద్ద బల్బు కావాలి, కొత్త బ్యాటరీ కావాలి అంటారు. అడిగింది ఇచ్చేయడం సులువు. దసరా ముందు నేను చేసింది అదే. అందువల్ల ఒక గొర్రెల కాపరి ప్రాణం మూరెడు దూరంలో పోకుండా ఆగింది. ఇప్పుడు ఎవరు వచ్చి లైట్లు చాలడం లేదన్నా, దుకాణం ముందు ఎన్ని బండ్లున్నా, లేచి వెళ్లి ఆ బండి ముందు మోకాళ్ల మీద కూర్చుంటాను. అద్దం మీద వేలు పెట్టి చూస్తాను. ముఖ్యంగా, "నాకే కనబడుతలేదు, వయసైపోయింది" అని ఎవరైనా తప్పు తమ మీదే వేసుకుంటే ఆ మాట నేను వెంటనే నమ్మను. ముందు బండిని చూడనివ్వమంటాను.